చిన్నప్పుడు పాడించి పెద్దయ్యాక ఏడిపించే జపాన్ పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు, జపనీస్ నేర్చుకుంటున్నవాళ్లు, ఆనిమే చూసీ చూసీ అక్కడి పాత పాటల దాకా వచ్చినవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన చోటికి వెళ్లిపోండి.

పిల్లల పాటలకి పెద్దవాళ్లు ఏడవడమేంటి?

చిన్నతనం గుర్తొచ్చి అని అందరూ చెప్తారు. అది అబద్ధం కాదుగానీ ఆ జవాబు చాలదు. చిన్నప్పటి టీవీ యాడ్ విన్నా చిన్నతనం గుర్తొస్తుంది కదా, దానికి ఎవరూ కళ్లు తుడుచుకోరు. ఈ పాటల సంగతి వేరు. వీటిలో చాలావాటిని పెద్దవాళ్లు తమ బెంగతో తమ కోసం రాసుకున్నట్టే రాసి, తీసుకెళ్లి పిల్లల నోట్లో పెట్టారు. ఊరొదిలి ఎక్కడో బతుకుతున్న మనిషి "అమ్మానాన్నలు ఎలా ఉన్నారో" అనుకునే పాటని, ఇంకా ఊరు పొలిమేర దాటని పిల్లలు, సాయంత్రం ఇంటికెళ్తే అమ్మానాన్నలు ఎదురుగా కనపడే పిల్లలు, బడిలో హుషారుగా కోరస్ పాడతారు. వాళ్లకి అందులో ఏడవడానికి ఏమీ కనపడదు. పాతికేళ్ల తర్వాత ఏ టోక్యో అద్దె గదిలోనో ఉండగా అదే పాట వినపడుతుంది. మాటలన్నీ ఎప్పుడో కంఠతా వచ్చేశాయి, ఇప్పుడు పాటలో మనిషి నిలబడ్డ చోటికి వీళ్లు వచ్చి నిలబడ్డారు, అంతే తేడా. ఈ పేజీలో చెప్పిన పాటల్లో సగానికి పైగా ఇలా పనిచేసేవే. మిగతావాటి కథలు వేరు, కింద చెప్తాను.

దోయో, షోకా, వరాబెఉతా అంటుంటారు. అన్నీ ఒకటేనా?

కాదు. వీధిలో ఆడుకుంటూ పిల్లలు పాడుకునేవి, ఎవరు కట్టారో తెలియనివి వరాబెఉతా. బడి పుస్తకాల్లో పాటలు షోకా. మెయిజీ కాలంలో (1868-1912) ప్రభుత్వం బళ్లలో సంగీతం పెట్టాలనుకున్నప్పుడు ఇసావా షూజి అనే అధికారి అమెరికా నుంచి లూథర్ వైటింగ్ మేసన్ అనే సంగీతం టీచర్‌ని రప్పించాడు. పాశ్చాత్య బాణీలకి జపనీస్ మాటలు కట్టించిన మొదటి పుస్తకం 1881 నాటిది. 1911 నుంచి 1914 దాకా విద్యాశాఖ తరగతికొకటి చొప్పున సొంత పాటల పుస్తకాలు వేసింది. ఇవి మరీ నీతులు చెప్పేస్తున్నాయి, పిల్లలకి కాస్త అసలైన కవిత్వం ఇద్దాం అని సుజుకి మిఎకిచి అనే రచయిత 1918లో 'అకాయ్ తోరి' (ఎర్ర పిట్ట) అనే పత్రిక పెట్టాడు. పేరున్న కవులు పిల్లల కోసం రాయడం, పేరున్న సంగీతకారులు బాణీ కట్టడం అక్కడి నుంచి ఊపందుకుంది. అవి దోయో.

దేశమంతా ఒకే బడి పుస్తకం కావడంతో, ఉత్తరాన హొక్కాయిదోలో తాతకీ దక్షిణాన క్యూషూలో మనవరాలికీ ఒకే పాట వచ్చు. ఒక హాల్లో ఒకరు మొదలెడితే అందరూ అందుకుంటారు, అందరూ ఒకేసారి ఏడుస్తారు. ఇది కూడా చిన్న విషయం కాదు.

'ఫురుసాతో' ఎందుకంత పెద్ద పాట?

ఫురుసాతో అంటే సొంత ఊరు. 1914లో ఆరో తరగతి పుస్తకంలో వచ్చింది. మాటలు తకానో తత్సుయుకివి, బాణీ ఒకానో తెయిచిది. తకానో నాగానో కొండల్లో పల్లెటూరివాడు, చదువుకుని టోక్యోలో పండితుడయ్యాడు. ఒకానో ఏళ్ల తరబడి టోక్యోలో ఒక చర్చిలో ఆర్గాన్ వాయించినవాడు, అందుకే ఈ పాట మూడేసి దెబ్బల నడకలో చర్చి ప్రార్థనలా నెమ్మదిగా సాగుతుంది. విద్యాశాఖ ఆ రోజుల్లో పాటలకి రచయితల పేర్లు వేసేది కాదు, దాంతో ఎవరు రాశారో తెలియకుండానే ఎన్నో తరాలు పాడేశాయి.

మొదటి చరణంలో కుందేళ్లని తరిమిన కొండ, చిన్న చిన్న చేపలు పట్టిన ఏరు ఉంటాయి. రెండో చరణంలో అమ్మానాన్నలు, స్నేహితులు క్షేమంగా ఉన్నారో లేదో అన్న బెంగ. మూడోది అసలు దెబ్బ: అనుకున్నది సాధించాక ఎప్పటికైనా తిరిగి వెళ్తాను అంటాడు. సాధించాక, అంటే అది సాధించకపోతే వెళ్లడానికి మొహం లేదు. ఉద్యోగం కోసం ఊరొదిలిన ఎవరికైనా ఈ షరతు ఎంత బరువో తెలుసు, అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటూ ప్రతి సంక్రాంతికీ "వచ్చే ఏడాది తప్పకుండా వస్తాం" అని ఫోన్లో చెప్పే మనవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

1998లో నాగానో శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో ఈ పాట పాడారు, తకానో పుట్టిన జిల్లా అదే కాబట్టి. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత దీని బరువు మారిపోయింది. ఫుకుషిమా అణు కేంద్రం చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించిన జనానికి కొండా ఉంది, ఏరూ ఉంది, వెళ్లడానికి మాత్రం వీల్లేదు. శిబిరాల్లో, స్మారక సభల్లో ఈ పాట ఎత్తుకుంటే మూడో చరణం దాకా గొంతు నిలిచేది కాదు. ఆ ఏప్రిల్‌లోనే స్పెయిన్ గాయకుడు ప్లాసిడో డొమింగో టోక్యో కచేరీ మానుకోకుండా వచ్చి దీన్ని జపనీస్‌లో పాడాడు, హాలంతా ఆయనతో గొంతు కలిపింది.

'అకతోంబో'లో ఏముంది? తూనీగ గురించే కదా?

పేరుకి తూనీగే. సాయంత్రం ఎర్రటి వెలుగులో ఎవరి వీపు మీదో ఉండి చూసిన ఎర్ర తూనీగ. తర్వాత చరణంలో కొండపొలంలో చిన్న బుట్టలోకి కోసుకున్న మల్బరీ పండ్లు, అది కలేమో అన్న అనుమానం. మూడో చరణంలో తనని ఎత్తుకుని తిప్పిన దాది అమ్మాయి పదిహేనేళ్లకే పెళ్లయి వెళ్లిపోతుంది, ఊరి నుంచి కబుర్లు కూడా ఆగిపోతాయి. చివర్లో మళ్లీ తూనీగ, కర్ర కొస మీద వాలి ఉంటుంది. కథ అంతే. ఎవరూ చనిపోరు, ఎవరూ ఏడవరు.

రాసింది మికి రోఫూ, 1921లో. యమదా కోసాకు 1927లో బాణీ కట్టాడు. మికి హ్యోగో జిల్లా తత్సునోలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయి తల్లి పుట్టింటికి వెళ్లిపోతే తాత దగ్గర పెరిగాడు. ఈ పాట రాసేనాటికి ఉత్తరాన హకోదాతే దగ్గర ఒక క్రైస్తవ మఠంలో పాఠాలు చెప్తున్నాడు. ఇది తెలిశాక పాట మళ్లీ వినండి. తల్లి గురించి ఒక్క మాట లేదు! ఎత్తుకున్న వీపు దాదిది, ఆగిపోయిన కబుర్లు ఊరివి. చెప్పకుండా వదిలేసిన మనిషే పాటంతా ఉంది. నాకైతే ఈ పేజీలో ఉన్న అన్ని పాటల్లోకీ ఇదే గొప్పది, ఫురుసాతో అభిమానులు క్షమించాలి.

1989లో జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే జనానికి ఇష్టమైన పాటలేవో అడిగి లెక్క తీస్తే మొదటి స్థానం దీనికే వచ్చింది.

జోలపాటలు విని పిల్లలు నిద్రపోవాలి కదా, పెద్దవాళ్లు ఏడ్చే జోలపాటలేంటి?

ఎందుకంటే వాటిని పాడింది తల్లులు కాదు. జపాన్ కొండ ఊళ్లలో పేదింటి ఆడపిల్లల్ని, పదేళ్లు నిండీ నిండకుండానే, కలిగినవాళ్ల ఇళ్లలో పసిపిల్లల్ని ఎత్తుకోవడానికి పనికి పెట్టేవాళ్లు. తిండి పెడితే చాలు అని పంపేసిన ఇళ్లూ ఉన్నాయి. వీపున కట్టిన బిడ్డ ఏడుపు ఆపదు, ఆపకపోతే యజమాని తిడతాడు, మంచు పడుతుంటుంది, ఇంటికి వెళ్లడానికి లేదు. ఆ పిల్లలు పాడుకున్న పాటలవి. బిడ్డని నిద్రపుచ్చే మాటలు అందులో దాదాపు ఉండవు, ఉండేది తమ గోడు మాత్రమే.

కుమమోతో జిల్లాలోని 'ఇత్సుకి నో కొమొరిఉతా' బాగా పేరున్నది. బోన్ పండగ (పితృదేవతల్ని తలుచుకునే పండగ) దాకానే ఇక్కడుంటాను, పండగ తొందరగా వస్తే తొందరగా ఇంటికి పోతాను అని మొదలవుతుంది. తర్వాత, నేను చచ్చిపోతే దారి పక్కన పాతెయ్యండి, పోయేవాళ్లు పువ్వు పెడతారు, ఏ పువ్వంటే కమేలియా, నీళ్లు ఆకాశమే పోస్తుంది అంటుంది. పదేళ్ల పిల్ల పాడుకున్న పాట అని గుర్తుపెట్టుకుని వినండి.

రెండోది 'తకేదా నో కొమొరిఉతా', క్యోటో ఫుషిమి ప్రాంతానిది. బోన్ వచ్చినా నాకు సంతోషమేముంది, కట్టుకోను బట్ట లేదు అంటుంది ఆ పిల్ల. చివరికి, అవతల కనపడేది అమ్మానాన్నల ఇల్లు, తొందరగా అక్కడికి పోవాలని ఉంది అంటుంది. 1971లో అకాయ్ తోరి అనే బృందం పాడితే దేశమంతా ఊగిపోయింది (పైన చెప్పిన పత్రిక పేరే). తర్వాత చాలా ఏళ్లు టీవీలో రేడియోలో వినపడటం మానేసింది. ఎందుకంటే పాట పుట్టిన చోటు బురాకుమిన్ వాడ, అంటే అక్కడ అంటరానితనం అనుభవించిన జనం ఉండే వాడ. పాటని ఎవరూ అధికారికంగా నిషేధించలేదు, ఎందుకొచ్చిన గొడవ అని ప్రసార సంస్థలే పక్కన పెట్టేశాయి. వాడల పేర్లెత్తడానికి జంకే పెద్దమనుషుల్ని చూసిన మనకి ఇది అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు అకతోంబో దగ్గరికి మళ్లీ వెళ్లండి. అక్కడ వీపు మీద ఉన్న బిడ్డ పెద్దయి పాడుతున్నాడు, ఇక్కడ ఎత్తుకున్న పిల్ల పాడుతోంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే దాది పదిహేనేళ్లకి పెళ్లయి వెళ్లిపోవడం కవి బాధ ఒక్కటే కాదనిపిస్తుంది.

మేం టోక్యోలో ఉంటాం. సాయంత్రం 5కి వీధి లౌడ్ స్పీకర్లో ఒక పాట వస్తుంది. ఏంటది?

చాలామటుకు 'యూయాకే కోయాకే' అయి ఉంటుంది. కొన్ని చోట్ల ఫురుసాతో, ఇంకొన్ని చోట్ల వేరేవి వేస్తారు. ఆ స్పీకర్లు భూకంపం, సునామీ హెచ్చరికల కోసం మున్సిపాలిటీ పెట్టినవి. పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవాలి కదా, ఉత్త కూత బదులు పాట వేస్తారు. చలికాలంలో తొందరగా చీకటి పడుతుంది కాబట్టి చాలా ఊళ్లలో 4:30కే మోగుతుంది. పిల్లలకి మాత్రం దాని అర్థం ఒక్కటే, ఆట చాలు, ఇంటికి పొండి.

పాటలో ఉన్నదీ అదే. పొద్దుగూకింది, కొండ మీద గుడి గంట మోగింది, చేయీ చేయీ పట్టుకుని కాకులతో పాటు ఇంటికి పోదాం. మాటలు నకమురా ఉకోవి, బాణీ కుసకావా షిన్‌ది, 1923లో అచ్చయింది. అచ్చయిన కొన్నాళ్లకే సెప్టెంబర్ 1న కాంతో మహా భూకంపం వచ్చి ప్రతులు దాదాపు కాలిపోయాయి, ఎవరెవరి చేతుల్లోనో మిగిలిన కొద్ది ప్రతుల వల్లే బతికింది.

ఇది ఏడిపించేది ముఖ్యంగా ఇద్దరిని. ఆ టైముకి ఇంటికి వెళ్లలేక ఆఫీసు కిటికీలోంచి వినేవాళ్లని, చాలా ఏళ్ల తర్వాత సొంత ఊరికి వెళ్లి ఐదింటికి అనుకోకుండా వినేవాళ్లని. టోక్యోలోని నిషికసాయ్ చుట్టుపక్కల మనవాళ్లు, ఇతర భారతీయులు చాలామంది ఉన్నారు, వాళ్ల పిల్లలు కూడా ఈ పాట వినే ఇంటికి వస్తారు. ఆ పిల్లలు పెద్దయి సియాటిల్‌లోనో విజయవాడలోనో ఈ పాట వింటే ఏమవుతుందో చూడాలి.

యుద్ధం నాటి పాటలు ఉన్నాయా?

ఒక్కటి చెప్పాలంటే 'సాతో నో అకి', పల్లెలో శరదృతువు అని. దీని కథ కొంచెం పొడుగు.

చీబా జిల్లాలో సైతో నొబువో అనే బడి పంతులు 1941లో ఒక గేయం రాశాడు. మొదటి రెండు చరణాల్లో నిశ్శబ్దంగా ఉన్న పల్లె, పొయ్యి దగ్గర అమ్మా నేనూ ఇద్దరమే చెస్ట్‌నట్‌లు ఉడకబెట్టుకుంటున్నాం, బయట రాత్రిపూట బాతుల అరుపు, నాన్న నవ్వు మొహం గుర్తొచ్చింది. ఆ తర్వాత చరణాలు ఆ కాలానికి తగినవి, నాన్నకి యుద్ధంలో జయం కలగాలి, నేనూ పెద్దయి సైనికుణ్ణి అవుతాను అని. యుద్ధం ఓడిపోయారు. అప్పటికి దేశం బయట ఉన్న జపాన్ సైనికులు, పౌరులు కలిపి 60 లక్షలకి పైమాటే, వాళ్లందరూ ఓడల్లో తిరిగి రావాలి. 1945 డిసెంబర్ 24న అలా వచ్చినవాళ్లకి ధైర్యం చెప్పే కార్యక్రమం కోసం ఎన్‌హెచ్‌కే రేడియో పాట కావాలంటే, కైనుమా మినోరు అనే సంగీతకారుడికి ఈ పాత గేయం గుర్తొచ్చి సైతోకి టెలిగ్రామ్ కొట్టాడు. సైతో చివరి చరణాలు తీసేసి ఒక్క చరణం కొత్తగా రాశాడు. కొబ్బరి చెట్ల దీవుల నుంచి ఓడలో వస్తున్న నాన్న, క్షేమంగా రా, ఈ రాత్రి కూడా అమ్మతో కలిసి దేవుణ్ణి వేడుకుంటున్నా.

పాడింది కవాదా మసాకో, వయసు 11. స్టూడియోలో పాట అవగానే అంతా నిశ్శబ్దమైపోయిందని, ఆ వెంటనే స్టేషన్ ఫోన్లు ఆగకుండా మోగాయని చెప్తారు. రేడియో ముందు కూర్చున్న ఇళ్లలో ఎంతమంది నాన్నలు అప్పటికే చనిపోయి ఉంటారో ఆలోచించండి, కబురు ఇంకా అందలేదు అంతే. సైతో యుద్ధకాలంలో తను పిల్లలకి చెప్పిన చదువుకి బాధ్యత తనదే అనుకుని పంతులుద్యోగం వదిలేశాడు.

ఇప్పుడు దీన్ని మామూలు శరదృతువు పాటలా పిల్లలకి నేర్పుతారు, చాలాచోట్ల మూడో చరణం పాడరు. మీరు మాత్రం మూడోది వినకుండా ఆపకండి.

అమ్మ పాటలు?

'కాసాన్ నో ఉతా', 1956, కుబొతా సతొషి. రాత్రిళ్లు మేలుకుని అమ్మ నా కోసం చేతితొడుగులు అల్లింది, చలిగాలి వేస్తుంది, చలేస్తుందేమో అని. అమ్మ చేతులు పగిలిపోయాయి, వాటికి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రాసుకుంటుంది. కుబొతా ఇంట్లోంచి వెళ్లిపోయిన కుర్రాడు, తల్లి టోక్యోకి పొట్లాలు పంపేది, వాటి జ్ఞాపకమే పాట. దీని గురించి ఎక్కువ చెప్పను. ఊరి నుంచి బస్సులో ఆవకాయ జాడీ వచ్చినవాళ్లకి చెప్పాల్సిన పనీ లేదు.

'షాబొందమ' చనిపోయిన కూతురి గురించి రాసిన పాట అంటారు, నిజమా?

సబ్బు బుడగలు ఎగిరాయి, ఇంటి కప్పు దాకా ఎగిరి పగిలిపోయాయి. రెండో చరణంలో బుడగ ఎగరకుండానే, పుట్టగానే పగిలిపోతుంది. గాలీ, వీచకు అని పాట ముగుస్తుంది. రాసింది నొగుచి ఉజో, 1922లో, బాణీ నకయామా షింపెయి. ఇంటర్నెట్‌లో ఈ కథని గట్టిగా నమ్మిస్తారుగానీ తేదీలు చూడండి. నొగుచి కూతురొకరు చిన్నప్పుడే చనిపోయింది 1924లో, అంటే పాట వచ్చాక. అంతకుముందు 1908లో మొదటి కూతురు పుట్టిన కొద్ది రోజులకే పోయింది, ఆ దుఃఖం ఇందులో ఉండి ఉండొచ్చు. నొగుచి స్వయంగా అవునని చెప్పింది లేదు. పసిపిల్లలు విరివిగా చనిపోయే కాలం అది, ఒక్క ఇంటికే పరిమితమైన పాట అనుకోనక్కర్లేదు.

ఇలాంటిదే నొగుచిదే ఇంకోటి, 'అకాయ్ కుత్సు', ఎర్ర బూట్ల పాప విదేశీయుడితో ఓడెక్కి వెళ్లిపోవడం. ఆ పాప ఫలానా అని ఒక కథ ఉంది, కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. యొకొహామా యమషితా పార్క్‌లో బొమ్మ ఉంది, వెళ్తే చూడండి. కథ మాత్రం పూర్తిగా నమ్మకుండా వినండి.

బడి వీడ్కోలు రోజు ఏం పాడతారు?

మార్చి అంటే జపాన్‌లో అందరూ ఏడ్చే నెల. పాతకాలంలో 'హొతారు నో హికారి' (బాణీ స్కాట్లాండ్‌ది), 'అఒగెబా తోతొషి'. ఈ రెండోదాన్ని అచ్చ జపాన్ పాట అని వందేళ్లకి పైగా నమ్మారు, 2011లో ఒక పరిశోధకుడు 1871 నాటి అమెరికా బడి పాటల పుస్తకంలో దాని బాణీని పట్టుకున్నాడు. గురువుల రుణం గురించిన పాట, ఇప్పటి పిల్లలకి మాటలు గట్టివి.

ఇప్పుడు ఎక్కువగా వినపడేది 'తబిదాచి నో హి ని'. సైతామా జిల్లా చిచిబులో కగెమొరి అనే జూనియర్ హైస్కూల్. కొజిమా నొబొరు అనే ప్రిన్సిపాల్ వచ్చేసరికి బడి గొడవగొడవగా ఉండేది, పిల్లల్ని పాటతో దారిలో పెడదామని ఆయన, సంగీతం టీచర్ సకమొతో హిరొమి పట్టుబట్టారు, కొన్నేళ్లకి మారింది. 1991లో, వెళ్లిపోయే పిల్లలకి గుర్తుగా ఏదైనా ఇద్దామని టీచర్ అడిగితే ప్రిన్సిపాల్ ఒక్క రాత్రిలో మాటలు రాసి ఆమె బల్ల మీద పెట్టాడు, ఆమె పావుగంటలో బాణీ కట్టేసింది. వీడ్కోలు సభలో టీచర్లే పిల్లల ముందు నిలబడి పాడారు. ఒక్కసారికి అనుకున్నది. ఆ ప్రిన్సిపాల్ ఆ ఏడాదే రిటైరయ్యాడు. పాట ఆ బడి నుంచి పక్క బడికి, అక్కడి నుంచి దేశమంతటికీ పాకింది.

కిండర్‌గార్టెన్ స్థాయిలో 'ఒమోయిదే నో అల్బాము' ఉంది. వసంతంలో ఏం చేశాం, వేసవిలో ఏం చేశాం గుర్తుందా అని చివరికి ఇంకొన్నాళ్లకి అందరం ఒకటో తరగతి అంటారు. పిల్లలు నవ్వుతూ పాడతారు. తల్లిదండ్రుల వరసలు చూడకండి.

టీవీ పాటలు కూడా ఈ లెక్కలోకి వస్తాయా?

వస్తాయి, రెండు చెప్తాను. 'ఒయొగే! తైయాకి-కున్' 1975 డిసెంబర్‌లో వచ్చింది, పిల్లల టీవీ కార్యక్రమంలోది. తైయాకి అంటే చేప ఆకారపు తీపి రొట్టె. రోజూ ఇనప పెనం మీద కాలీ కాలీ విసుగెత్తిన రొట్టె చేప దుకాణం ఓనరుతో గొడవపడి సముద్రంలోకి దూకేస్తుంది. కొన్నాళ్లు హాయిగా ఈదుతుంది, చివరికి ఎవరి గాలానికో చిక్కి, నేను తైయాకినే కదా అనుకుంటూ వాళ్ల నోట్లో పడుతుంది. పిల్లలు నవ్వారు, ఉద్యోగాలు చేసే నాన్నలు మాత్రం తమ కథే విన్నారు. 45 లక్షలకి పైగా రికార్డులు అమ్ముడయ్యాయి, జపాన్‌లో అంతకంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ లేదు. పాడిన షిమొన్ మసాతోకి ముందే ఒప్పుకున్న 50 వేల యెన్‌లే ముట్టాయి, తర్వాత బోనస్ ఇచ్చారనుకోండి. పాటకి తగ్గట్టే జరిగింది.

రెండోది 'అన్పాన్‌మాన్ మార్చ్', 1988. ఆకలిగా ఉన్నవాళ్లకి తన మొహమే తుంచి పెట్టే రొట్టె హీరో. మూడేళ్ల పిల్లలు చేతులూపుతూ పాడే ఈ పాటలో ప్రశ్న ఏంటంటే, ఎందుకు పుట్టాం, ఏం చేస్తూ బతకాలి, అది తెలియకుండానే అయిపోతే ఎలా! రాసిన యనసే తకాషి యుద్ధంలో చైనాలో సైనికుడు, ఆకలి అంటే ఏంటో అక్కడ చూశాడు. తమ్ముడు నౌకాదళంలో చనిపోయాడు. 2011 భూకంపం తర్వాత ఈ పాట వెయ్యమని రేడియోకి అభ్యర్థనలు వరసకట్టాయి, ముందు పిల్లల కోసమని అడిగారు, తీరా వేస్తే పక్కన కూర్చున్న పెద్దవాళ్లు ఏడ్చారు. తప్పుకుందామనుకున్న యనసే ఆ తర్వాత కూడా పని చేస్తూనే ఉన్నాడు, 2013లో 94 ఏళ్లకి పోయాడు.

ఈ పాటల్లో ఎక్కడైనా ఇండియా ఉందా?

నేరుగా లేదు, పక్కనుంచి ఉంది. 'జో-సాన్' అని ఏనుగు పాట, మాదో మిచియో రాసింది, దాన్ ఇకుమా బాణీ. ఏనుగూ నీ ముక్కు పొడుగే అంటే, అవును, మా అమ్మదీ పొడుగే అంటుంది పిల్ల ఏనుగు. వెక్కిరించినా అమ్మ పోలిక అని సంబరపడుతుంది. యుద్ధం జరుగుతుండగా, 1943లో, టోక్యో ఉఎనో జూలో ఏనుగుల్ని తిండి పెట్టకుండా చంపేశారు, బాంబులు పడితే తప్పించుకుంటాయని. యుద్ధం అయ్యాక అక్కడి పిల్లలు ఏనుగు కావాలని ఉత్తరాలు రాస్తే నెహ్రూ 1949లో మైసూరు నుంచి ఇందిర అనే ఏనుగుని పంపాడు. అది 1983 దాకా అక్కడే బతికింది. ఆ తరం పిల్లలకి ఏనుగు పాట అంటే ఇందిర, ఇందిర అంటే ఏనుగు పాట.

ఈ బాణీలు ఎక్కడో విన్నట్టు ఉంటాయెందుకు?

కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లయితే వెంటనే పట్టేస్తారు. అకతోంబో, యూయాకే కోయాకే రెండూ అయిదు స్వరాలే, స రి గ ప ద. మన మోహనం స్వరాలు. మొదట్లో నేర్పే 'వరవీణా' గీతం ఏ మెట్ల మీద నడుస్తుందో ఇవీ అవే మెట్ల మీద నడుస్తాయి. గమకాలుండవు, నడక వేరు, కాబట్టి రాగం అదే అని వాదించకండి. కానీ హార్మోనియం మీద వాయించి చూడండి, చేయి దానంతట అదే పోతుంది.

జపనీస్ ముక్క రాదు. ఎక్కడ మొదలెట్టాలి?

అర్థం చదువుకుని వినండి, ముందు అకతోంబో, పిల్లల గొంతుతో ఒకసారి, ముసలివాళ్లు పాడింది ఒకసారి. తర్వాత సాతో నో అకి మూడు చరణాలూ ఉన్నది. ఆర్కెస్ట్రా దట్టించినవి వద్దు, ఒక్క పియానోతో ఉన్నవి వెతకండి. ఇక ఆఫీసు పార్టీలో జపాన్ సహోద్యోగుల ముందు ఫురుసాతో పాడొచ్చా అంటే పాడొచ్చు, మంచి మార్కులే పడతాయి, కాకపోతే 2011 సునామీ వచ్చిన ఈశాన్య జపాన్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే ముందు కొంచెం చూసుకోండి.

మా పాప పాడిన వీడియో పెట్టుకుంటే కాపీరైట్ గొడవ వస్తుందా?

పాటని బట్టి. జపాన్‌లో ఇప్పుడు రచయిత పోయాక 70 ఏళ్లు, కానీ 2018 చివర్లో చట్టం మారకముందే 50 ఏళ్లు నిండినవాళ్లవి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఆ లెక్కన ఫురుసాతో, అకతోంబో, షాబొందమలకి మాటలకీ బాణీకీ అక్కడ ఇబ్బంది లేదు. యూయాకే కోయాకే బాణీ ఫ్రీ, మాటలు మాత్రం కాదు, నకమురా 1972లో పోయాడు కాబట్టి 2042 ఆఖరు దాకా హక్కులుంటాయి. సాతో నో అకి, కాసాన్ నో ఉతా, అన్పాన్‌మాన్ కూడా హక్కుల్లోనే ఉన్నాయి. ఇండియాలో లెక్క 60 ఏళ్లు. యూట్యూబ్‌కి జపాన్ హక్కుల సంస్థ జస్రాక్‌తో ఒప్పందం ఉంది కాబట్టి సొంతంగా పాడి, సొంతంగా వాయించినవి మామూలుగా నడిచిపోతాయి. ఎవరిదో రికార్డింగ్ వెనక పెట్టి పాడితే ఆ ఒప్పందం కాపాడదు, కీబోర్డు మీద మీరే వాయించండి.